ఆగిపోయే బండి కావలెను

రోడ్ల శాఖకు రోడ్డు అక్కర్లేని బండి కావాలని పెద్దసారుకు ఎప్పుడు తోచిందో సరిగ్గా ఎవరికీ తెలియదు. పక్క డివిజనువాళ్లు అలాంటిదొకటి కొనుక్కుని, దాని ముందు వరసగా నిలబడి ఫొటో తీయించుకుని, ఆ ఫొటోను సమావేశాల గదిలో తగిలించారని తెలిసిన రోజునే తోచి ఉంటుందని డ్రైవరు బాబాయ్ అంటాడు. అంతకుముందు నాలుగేళ్లపాటు ఆఫీసు వెనక పాత జీపు చక్రాల్లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉంటే మాత్రం, పెద్దసారు ఒక్కనాడూ అటువైపు కిటికీ తెరిచి చూసిన పాపాన పోలేదు.

కొనుగోలు కాగితాలు తయారుచేసే పని చిన్నసారు మెడకు చుట్టుకుంది. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. అతనూ ఇంజనీరే, కానీ ఆఫీసంతా చిన్నసారనే పిలుస్తుంది. ఇంటిమొత్తం మీద మొదటిసారి పట్టా పుచ్చుకున్నవాడు కావడంతో, ఏ కాగితం చేతికిచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవడం అతనికి జబ్బులా పట్టుకుంది.

"చదవకుండా సంతకం పెట్టడం నేర్చుకోవయ్యా, పైకొస్తావు" అని పెద్దసారు అప్పుడప్పుడు ప్రేమగానే చెబుతుంటాడు.

కొనవలసింది మధ్యరకం పికప్ ట్రక్కు. ముందు ఐదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాన్ల తొట్టి. అడ్డదారులకు పనికొచ్చేలా కంపెనీవాళ్లు అందులో ధరనుబట్టి ఒకదాన్ని మించి ఒకటిగా మూడు మెట్లు చేశారు. ఒకదానికి కొండ పేరు, ఒకదానికి మృగం పేరు, ఒకదానికి పలికితే నాలుక మడతపడే పేరు పెట్టారు. ఆఫీసులో ఎవరికీ నోరు తిరక్క, ఇంట్లో అన్నదమ్ముల్ని పిలిచినట్టు చిన్నోడు, నడిపోడు, పెద్దోడు అనేసుకున్నారు.

ఒక సోమవారం పొద్దున పెద్దసారు, చిన్నసారు, డ్రైవరు బాబాయ్ కలిసి షోరూంకి వెళ్లారు. షోరూం వెనక ఖాళీ స్థలంలో ఒక దొంగ కొండ ఉంది. సిమెంటు దిబ్బకు మట్టిరంగు పూసి, మధ్యలో నాలుగు దుంగలు పరిచి, పక్కన ఒక బురదగుంట పెట్టారు. కుళాయి తిప్పితే గుంట నిండుతుంది. బండ్లు చూపించే అమ్మాయి మూడింటినీ వరసగా నిలబెట్టింది.

"ఇది మొదటి మెట్టు సార్. ఇంజను బలం నాలుగు చక్రాలకీ వెళ్తుంది. టైర్లు మాత్రం మామూలువే. ఇది రెండోది. టైర్లకి లోతైన పళ్లుంటాయి. వెనక ఒక చక్రం గాల్లో తిరిగినా రెండోది ఊరుకోకుండా లాకు ఉంది. ఇక ఇదీ..." పెద్దోడి దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు పెళ్లికొడుకుని చూపిస్తున్నట్టు మారిపోయింది. "రెండంగుళాలు ఎత్తు ఎక్కువ సార్. ముందూ వెనకా లాకులే. కింద మొత్తం ఇనపరేకుల కవచం. రాళ్ల మీద పాకడానికి వేరే బటను. ఇది ఎక్కడా ఆగదు సార్."

"ఎక్కడా?" అన్నాడు పెద్దసారు.

"ఎక్కడా."

పెద్దసారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు, బాబాయ్ స్టీరింగు పట్టాడు. దొంగ కొండ ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. మూడోసారి దిగేటప్పుడు ఆ అమ్మాయి పక్కసీటులోంచి బాబాయ్‌తో అంది. "అంకుల్, ఇప్పుడు బటను నొక్కి రెండు కాళ్లూ వెనక్కి తీసేయండి. బండే దిగుతుంది."

"కాళ్లు తీసేస్తే ఇక నేనెందుకమ్మా? ఆ బటన్నే డ్యూటీకి రమ్మనండి" అన్నాడు బాబాయ్.

ఆయనకు ఉద్యోగం ఇక నాలుగు నెలలే ఉంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన నడిపిన బండి ఒక్కసారి కూడా ఎక్కడా ఇరుక్కోలేదు. ఆ మాట ఆయన గొప్పగా చెప్పుకోడు, అలాగని చెప్పకుండా రెండు రోజులు ఉండలేడు కూడా.

చిన్నసారు కూడా ఆ పెద్దోణ్ని చూసి మురిసిపోయాడు. అబద్ధం ఎందుకు, చేత్తో తలుపు నిమిరాడు కూడా. కానీ జబ్బు జబ్బే. చేతిలోని కరపత్రం వెనకవైపు ఉన్న చిన్నచిన్న అక్షరాలు చదివి, ఆ అమ్మాయిని పక్కకు పిలిచాడు.

"ఇది ఎంత బరువు మోస్తుందండీ?"

ఆమె అతన్ని వింతగా చూసింది. "ఏడాదిగా ఇక్కడున్నాను సార్. ఆ మాట అడిగింది మీరొక్కరే." తర్వాత గొంతు తగ్గించింది. "పైమెట్టుకి వెళ్లేకొద్దీ తక్కువ సార్. మొదటిది తొమ్మిది వందల కిలోలు. రెండోది ఏడొందల అరవై. పెద్దది ఐదొందల అరవై."

"ఖరీదు పెరిగితే బరువు తగ్గుతుందా?"

"గుంటల్లో ఎగిరి పడినా లోపల మనిషికి కుదుపు తెలియకూడదని స్ప్రింగులు మెత్తవి వేస్తారు కదా. పైగా ఆ కవచమూ అవీ దాని ఒంటి మీదే బరువు. తన నగలు తను మోసుకోవడానికే సరిపోతుంది."

చిన్నసారు ఆ అంకెలు మూడూ నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ క్షణానికి అవి అతనికి ఉట్టి అంకెలే.

అతను అక్కతో కలిసి మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటాడు. అక్క బడిలో టీచరు. ఆ బడి పన్నెండో నంబరు రోడ్డు చివర, తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఉంది. బస్సు ఐదో కిలోమీటరు దాకానే వెళ్తుంది. ఎందుకంటే తారు అక్కడితో ఆఖరు. మిగతా నాలుగు కిలోమీటర్లూ ఆమె నడుస్తుంది, పిల్లలూ నడుస్తారు. వానాకాలంలో ఆ మట్టి మోకాళ్ల దాకా లాగుతుంది. నలభై ఒక్క మంది పిల్లల్లో తొమ్మిది మంది మిగులుతారు. కిందటి ఏడాది లెక్కచూడ్డానికి వచ్చినవాళ్లు, వచ్చే ఏడు వానల్లో కూడా పదిహేను మందికి తక్కువైతే బడి మూసేస్తామని రాసిచ్చి పోయారు. ఆ దిగులు చిన్నసారు ఆఫీసులో చెప్పుకున్నది బాబాయ్‌తోనే.

ఆ సాయంత్రం అక్క మెట్ల పక్క కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే తమ్ముడు పక్కన నిలబడి పెద్దోడి గుణగణాలు వర్ణించాడు. మొదటి వాన ఆ రోజే చినికింది.

"రాళ్ల మీద పాకుతుందక్కా! బటను నొక్కితే చాలు. బురదైనా గుంటైనా దానికి లెక్కలేదు. ఎక్కడా ఆగదట."

అక్క కాలి వేళ్ల మధ్య మట్టి గోటితో తీసుకుంటూ తలెత్తింది. "మా రోడ్డు మీద కూడానా?"

"మీ రోడ్డు దానికి ఎంతక్కా? నిద్రలో పోతుంది."

"అయితే మా రోడ్డు పాసైపోయినట్టేగా."



రోడ్ల శాఖలో ఒక రూలుంది. ఎర్ర అట్ట పుస్తకంలో నలభై ఒకటోది. ఏ రోడ్డునైనా మంచిదా చెడ్డదా తేల్చడానికి వాళ్లకు మరో కొలబద్ద లేదు. తొలి వానల తర్వాత శాఖ బండి రోడ్డు మొదలు నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్తే ఆ రోడ్డు మంచిది. రెండేళ్లదాకా మళ్లీ ఎవరూ దాని మొహం చూడరు. ఎక్కడైనా ఆగిపోతే చెడ్డది. ఇరవై రోజుల్లో కంకర పోయాలి, వానలు తగ్గగానే కొత్తగా వేయాలి. రూలు రాసినప్పుడు బండ్లన్నీ ఒకే రకం కాబట్టి అది న్యాయంగానే ఉండేది. నాలుగేళ్లుగా బండే లేదు కాబట్టి డివిజనులో రోడ్లు మంచివీ కావు, చెడ్డవీ కావు, త్రిశంకు స్వర్గంలో వేలాడుతున్నాయి. ఇప్పుడు కొత్త బండి రాగానే మొట్టమొదట తనిఖీ చేయవలసిన రోడ్డు పన్నెండో నంబరే.

"మీ శాఖలో బండి ఎంత మంచిదైతే రోడ్లు అంత మంచివన్నమాట" అంది అక్క, చెంబుతో కాళ్ల మీద చివరి నీళ్లు పోసుకుంటూ. "ఇంకో నాలుగు డబ్బులు పెట్టి హెలికాప్టరు కొనండ్రా. దేశంలో ఒక్క గుంట కూడా మిగలదు."

"నేనేం చేసేదక్కా? కొనేది పెద్దసారు."

"రాసేది నువ్వేగా? ఇంజనీరువి, చదువుకున్నావు, ఆగిపోయే బండి ఒకటి చూసి కొనలేవూ?"

ఆమె నవ్వుతూనే అంది. అతను మాత్రం ఆ రాత్రి నలభై ఒకటో రూలు మళ్లీ మొదటినుంచి చదివాడు.

మర్నాటి నుంచి చిన్నసారు మూడింటినీ పోల్చే పట్టిక మొదలుపెట్టాడు. అబద్ధం రాయకూడదు. ఆ విషయంలో అతనికి రెండో ఆలోచన లేదు. అయితే నిజాల్లోనే వెతకాలి. ఎత్తు, టైర్లు, లాకులు, కవచం, పాకే బటను అంటూ ఒక్కొక్క వరస రాస్తుంటే ప్రతిచోటా పెద్దోడికే టిక్కు పడుతోంది. ఇరవై మూడో వరస దాకా రాసి కలం కింద పెట్టాడు. అప్పుడు నోటుబుక్కులోని మూడు అంకెలు గుర్తొచ్చాయి.

శాఖ బండి ఊరికే ఊరేగడానికి కాదు. దాని వెనక ఒక మిషను వెళ్లాలి. రోడ్డు మరీ పాడైన చోట గుండ్రంగా చిల్లు పెట్టి, లోపలి ముక్కను కేకు కోసినట్టు బయటికి తీసి, తారు ఎంత మందం, కంకర ఎంత మందం చూపించే మిషను. అది నూటముప్పై కిలోలు. కోస్తున్నంతసేపూ దాని మీద నీళ్లు పొయ్యాలి కాబట్టి రెండు వందల లీటర్ల డ్రమ్ము. పనిముట్లూ పెట్టెలూ ఎనభై. రూలు ప్రకారం మనుషులు ఐదుగురు. చిన్నసారు ఆఫీసులో అందరినీ గుమ్మం దగ్గరి తూకం మిషనెక్కించి మరీ తూచాడు. ఐదుగురూ కలిసి మూడు వందల డెబ్బై ఐదు. మొత్తం ఏడు వందల ఎనభై ఐదు.

పెద్దోడు ఆ బరువు మోయలేడు. నడిపోడూ మోయలేడు, ఇరవై ఐదు కిలోల తేడాలో. మోసేవాడు చిన్నోడొక్కడే.

ఇరవై నాలుగో వరసలో అతను అదే రాశాడు. రాసిందంతా నిజమే. కాకపోతే నిజాన్ని అన్నిటికన్నా చివర రాశాడు. అది కొంచెం గుచ్చుకుంది కాబట్టి, పట్టిక పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లినప్పుడు తనే చెప్పాడు.

"సార్, చివరి వరస ఒకసారి చూడండి."

పెద్దసారు టిక్కులు లెక్కపెడుతున్నాడు. "పెద్దోడికి ఎన్నయ్యా?"

"ఇరవై మూడు సార్. కానీ ఇరవై నాలుగోది..."

"చిన్నోడికి?"

"తొమ్మిది సార్. ఆ ఇరవై నాలుగో దాంట్లో బరువు..."

"ఇరవై నాలుగుకి ఇరవై మూడంటే నూటికి తొంభై ఆరయ్యా! నువ్వు పరీక్షల్లో ఎప్పుడైనా తెచ్చుకున్నావా తొంభై ఆరు?"

"లేదు సార్. అయినా ఒక్కసారి..."

"చెవిలో జోరీగలాగా తగులుకున్నావేంటయ్యా! ఇలా తే." పెద్దసారు సంతకం పెట్టి, కింద ఒక గీత గీసి, ఆ గీత కింద రెండు చుక్కలు కూడా పెట్టాడు. అది ఆయనకు సంతోషమైనప్పుడు చేసే పని.

హెడ్డాఫీసులో టిక్కులు లెక్కపెట్టే అలవాటు లేదు. శాఖ సామాన్లు మోస్తుందా లేదా అనే ఒక్క వరస చూస్తారు, తక్కువ ఖరీదుది చూస్తారు. రెండూ ఒకేచోట దొరికితే పండగ. మూడు వారాలు తిరక్కుండానే మంజూరు వచ్చింది, దాని వెనకే బండీ వచ్చింది. తెల్లటి చిన్నోడు మామూలు టైర్ల మీద వినయంగా గేటులోకి దొర్లుకుంటూ వచ్చి ఆగాడు.

పెద్దసారు వరండాలో నిలబడి చాలాసేపు చూశాడు. "నాది ఎక్కడయ్యా?"

"ఇదే సార్. ఇరవై నాలుగో వరస..."

"ఇరవై ఐదు కిలోల దగ్గర నడిపోడు కూడా పోయాడా?" కాగితం అప్పుడు చదివాడు పెద్దసారు. "అసలు నువ్వెంతయ్యా బరువు?"

"అరవై రెండు సార్."

"నువ్వొక్కడివి రాకపోతే నడిపోడన్నా దక్కేవాడు కదయ్యా నాకు!"

"రూలులో ఐదుగురు సార్."

"రూలు, రూలు! మీ అమ్మ నిన్ను కన్నదా, అచ్చు వేయించిందా?"

పక్కన నిలబడ్డ బాబాయ్ నవ్వు ఆపుకోలేక బండి అద్దం తుడవడానికి వెళ్లిపోయాడు. అద్దం అప్పటికే తళతళలాడుతోంది.

అక్కకు ఈ కబురు చెప్పినప్పుడు ఆమె తమ్ముడి నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది. వాళ్లింట్లో మెచ్చుకోవడమంటే అదే.

ఇక తనిఖీ రోజు కోసం చిన్నసారు ఎదురుచూశాడు. ఈలోగా మూడుసార్లు బాబాయ్ దగ్గరికి వెళ్లి మూడుసార్లూ ఊరికే తిరిగొచ్చాడు. 'బాబాయ్, కొంచెం చూసీచూడనట్టు నడపండి' అని అడగాలని. కానీ అలా అడిగితే అది దొంగపని అవుతుంది. చిన్నోడు ఎలాగూ ఆగుతాడు, ఆ బురదలో మామూలు టైర్లతో ఆగక ఏం చేస్తాడు? తాను నోరు తెరవనక్కర్లేదు. లెక్కంతా సరిగ్గానే చూసుకున్నానని అతను అనుకున్నాడు. బండి లెక్క చూశాడు, బురద లెక్క చూశాడు. బండి నడిపే మనిషి లెక్క ఒక్కటే మరిచిపోయాడు.

నాలుగు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన పొద్దున ఐదుగురూ బయల్దేరారు. ముందు బాబాయ్, పక్కన కొత్త బూట్లతో పెద్దసారు. వెనక చిన్నసారు, అతనికి చెరోవైపు మిషను మనుషులిద్దరు. తొట్టిలో మిషను, నీళ్ల డ్రమ్ము, పెట్టెలు. పన్నెండో నంబరు రోడ్డు మొదట్లో బాబాయ్ ఒక్క నిమిషం దిగి నాలుగు టైర్లలోనూ కొంచెం కొంచెం గాలి తీసేశాడు.

"అదేంటి, పంక్చరు చేస్తున్నావా?" అన్నాడు పెద్దసారు.

"చెప్పులు మెత్తవి తొడుగుతున్నాను సార్."

ఐదో కిలోమీటరు దగ్గర తారు అయిపోయింది. అక్కణ్నుంచి బాబాయ్ వేరే మనిషైపోయాడు. వీపు కుర్చీకి ఆనించలేదు. రెండో గేరు వేసినవాడు మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఎక్కడ గడ్డి ఉందో అక్కడికి ఒక చక్రం, ఎక్కడ రాయి తేలిందో అక్కడికి ఒక చక్రం, మధ్యలో బురద ఉన్నచోట వేగం పెంచకుండా తగ్గించకుండా, నిండు పాలగిన్నె చేత్తో పట్టుకుని నడిచినట్టు పోనిస్తున్నాడు. చిన్నోడు తోక అటూ ఇటూ ఆడించాడు, ఒకసారి మొత్తం పక్కకు జారాడు, అయినా ఆగలేదు.

ఆరో కిలోమీటరు రాయి దాటింది. చిన్నసారు గుండె ఒక మెట్టు దిగింది.

ఏడో రాయి దగ్గర తూముపక్క గుంట. నీళ్లు బంపరు దాకా వచ్చాయి. ఇంజను మూలిగింది. బండి అవతలికి ఎక్కి నీళ్లు దులుపుకుంది.

"శభాష్!" పెద్దసారు తొడ మీద చరుచుకున్నాడు. "చిన్నోడైనా చిచ్చరపిడుగు!"

"బండిదేముంది సార్" అన్నాడు బాబాయ్, చెంపల మీది సంతోషం దాచుకోలేక. "రిటైరయ్యేలోగా ఇలాంటి దారి ఒక్కటి దొరికితే బాగుండనుకున్నాను. దొరికింది."

మిషను మనుషులిద్దరూ చప్పట్లు కొట్టారు. చిన్నసారుకు చేతులు రాలేదు. ఎనిమిదో రాయి కూడా వెనక్కి పోయింది. ఎదురుగా నల్లటి బురద ఊబిలా పరుచుకుని ఉంది. దాని అవతల బడి రేకుల కప్పు, వరండాలో నిలబడ్డ తొమ్మిది మంది పిల్లలు, వాళ్ల మధ్య అక్క. ఆ ఊబి దాటితే పాసు. రెండేళ్లు ఎవరూ ఇటు రారు. రెండేళ్ల తర్వాత రావడానికి అక్కడ బడి ఉండదు.

"బాబాయ్, ఆపండి" అన్నాడు చిన్నసారు.

బండిలో ఎవరికీ అర్థం కాలేదు.

"కోత ఇక్కడ తియ్యాలి. రోడ్డు మరీ పాడైన చోటే తియ్యాలని రూలు. ఇంతకన్నా పాడైన చోటు ఇక లేదు."

"వచ్చేటప్పుడు తీద్దాంలేవయ్యా, గట్టిచోటు చూసుకుని" అన్నాడు పెద్దసారు. "నువ్వు పోనీ డ్రైవరూ."

బాబాయ్ కళ్లు పైఅద్దంలోంచి చిన్నసారును చూశాయి. చక్రాలు ఊబిలోకి దిగుతున్నాయి.

"ఇక్కడ ఆపితే మళ్లీ కదలదు బాబూ."

"తెలుసు బాబాయ్."

"తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను."

"పోనీ అంటుంటే!" అన్నాడు పెద్దసారు.

అద్దంలో ఆ కళ్లు ఒకసారి ముందుకు, వరండావైపు వెళ్లాయి. పిల్లల్ని లెక్కపెట్టినట్టున్నాయి. తొమ్మిది మందిని లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? బాబాయ్ కాలు తీసేశాడు. బండి ఒక్క నిట్టూర్పు విడిచి ఆగింది.

"ఎవరు చెప్పారు ఆపమని? కదుపు, కదుపు ముందు!" పెద్దసారు అరిచాడు.

అప్పుడు చిన్నసారు ఒక వింత చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా పువ్వు మీద వేసినట్టు పడే ఆ పాదం, ఒక్కసారిగా నేలకంటా దిగింది. ఇంజను గావుకేక పెట్టింది. నాలుగు చక్రాలూ గిర్రున తిరిగి, అద్దాల నిండా బురద చిమ్మి, తమ గుంట తామే తవ్వుకుంటూ కూరుకుపోయాయి. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు కూడా అలా తొక్కడు. బండి పొట్ట నేలకు ఆనాక బాబాయ్ తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

పెద్దసారు మొహం కందగడ్డలా ఉంది. ఇక తన ఉద్యోగానికి నీళ్లొదులుకోవచ్చని చిన్నసారు అనుకుంటూ ఉండగానే, ఆ మొహం మీద మెల్లగా వెలుగు పరుచుకుంది.

"చూశావా?" అన్నాడు పెద్దసారు. "నేను మొత్తుకోలేదూ? పెద్దోడైతే ఇలా ఆగేవాడా? ఇప్పుడేమంటారు హెడ్డాఫీసువాళ్లు? తీ ఆ రిజిస్టరు. రోడ్డు ఎంత ఘోరంగా ఉందో అంతా రాయి. ఒక్క ముక్క వదలొద్దు. ఎంత ఘోరమని రాస్తే అంత పెద్ద బండి వస్తుంది."

చిన్నసారు బురదలోకి దిగి కర్ర దించాడు. "ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు సార్."

"నలభై అని రాయి."

"ముప్పై ఎనిమిదే సార్."

"నీతో పడలేనయ్యా. సరే, అదే రాయి."

మిషను దింపి కోశారు. పైన తారు, కింద కంకర రావలసిన గొట్టంలోంచి బురద ముద్ద ఒకటి జారి పెద్దసారు కొత్త బూటు మీద పడింది. ఆయనకు అది కూడా ఆనందమే అయింది. "రాయి! తారు సున్నా! కంకర సున్నా!" రెండేళ్ల కిందట ఇదే రోడ్డు పూర్తయిందని సంతకం పెట్టింది తానేనని ఆయనకు ఆ ఉత్సాహంలో గుర్తు లేదు. సంతకం పెట్టాక కింద గీత గీశాడు. గీత కింద రెండు చుక్కలు పెట్టాడు.

రూలు రూలే. రోడ్డు చెడ్డదని తేలిపోయింది. ఇరవై రోజుల్లో కంకర పడాలి. ఇక మిగిలింది డ్రైవరు సంతకం. రిజిస్టరు పట్టుకుని చిన్నసారు బాబాయ్ దగ్గరికి వెళ్లాడు. ఆయన ముందు చక్రం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, 'ఇరుక్కున్నది' అని రాయమన్నారు పెద్దసారు. నేను 'ఆగినది' అని రాస్తాను. మీకు ఇరుక్కోవడం..."

"ఆగినదంటే ఎందుకు ఆగిందని ఎవడో ఒకడు అడుగుతాడు" అన్నాడు బాబాయ్. "ఇరుక్కుందంటే ఎవడూ అడగడు. రాయి."

"నాకోసమని మీరు..."

"నీకోసమేంటి? బండి చిన్నది. పెద్దసారు చెప్పలా?" చెయ్యి చొక్కాకు తుడుచుకుని సంతకం పెట్టాడు. గీతలూ చుక్కలూ ఏమీ పెట్టలేదు. రిజిస్టరు తిరిగిచ్చేటప్పుడు చిన్నసారు మొహం వంక చూడలేదు.

అప్పటికి అక్క పిల్లల్ని వెంటేసుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, బడి వెనక పడి ఉన్న చెక్కలు మోయించుకుంటూ వచ్చింది.

"మొత్తానికి ఆగిందిరా మీ బండి" అంది తమ్ముడితో. అతను బాబాయ్ వైపు చూపించాడు. ఆమెకు ఎంత అర్థమైందో గాని, వెళ్లి "అన్నయ్యగారూ, కాసేపు కూర్చోండి, మేం తోస్తాం" అంది.

చక్రాల కింద చెక్కలు పెట్టారు. చిన్నసారు, మిషను మనుషులిద్దరు, అక్క, తొమ్మిది మంది పిల్లలూ వెనక చేరారు. పెద్దసారు బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడి "హుప్! హుప్!" అంటున్నాడు. బాబాయ్ లోపల కూర్చుని, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, ముందుకు చూస్తున్నాడు. వెనక జనం తోస్తుంటే బండిలో కూర్చోవడం ఆయనకు ఇదే మొదలు. ఎటు తిప్పాలో తోచక కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏం లేదు తాతా" అన్నాడు ఒక పిల్లవాడు, బురద మొహంతో. "తిన్నగా పట్టుకో చాలు."

"అలాగా" అన్నాడు బాబాయ్. తిన్నగా పట్టుకున్నాడు.